గోనె సంచుల్లో పోసిన బొగ్గు

రాత్రి కురిసిన వానకు కాలేజీ ఆవరణంతా బురదైంది. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చిన మీ అందరికీ ముందు నా నమస్కారం. అధ్యక్ష స్థానంలో ఉన్న ప్రిన్సిపాల్ హేమావతి గారికి, నాతో పనిచేసిన అధ్యాపకులకు, గార్లదిన్నె నుంచి వచ్చిన మహిళా సంఘం వారికి, వారి బొగ్గు కొనడానికి కోస్తా నుంచి లారీతో వచ్చిన లక్ష్మీపతి గారికి వందనాలు. ఈరోజు నా పదవీ విరమణ అయినా పొద్దున్నే ల్యాబుకు వెళ్ళి పంపు వేశాను. ఆ పని గురించే మాట్లాడతాను.

భౌతికశాస్త్రం చదవని వారి కోసం రెండు మాటలు. మా వాక్యూమ్ పంపు ఒక గాజు పాత్రలోని గాలిని లాగేస్తుంది. పంపు లోపల నూనె ఉంటుంది. గోలీసోడాలో గ్యాసు కరిగి ఉన్నట్టే ఆ నూనెలోనూ గాలి కరిగి ఉంటుంది, పైన ఒత్తిడి తగ్గేసరికి బుడగలై బయటికొస్తుంది. నూనె ఆవిరి వెనక్కి పాత్రలోకి పోకుండా మధ్యలో బొగ్గు డబ్బా పెడతాం. బొగ్గు నిండా కంటికి కనపడని సందులు. ఆవిరి ఆ సందుల గోడలకు అంటుకుని ఆగిపోతుంది. అటువంటి బొగ్గును వేరుశనగ పొట్టుతో చేయవచ్చని నేను చెబితే, రామాంజినమ్మ గారు, భద్రమ్మ గారు, వారి సంఘంలోని మిగతావారు వేసవంతా బట్టీల దగ్గర కమిలిపోయి చేసి చూపించారు. ఇందాక మాట్లాడినవారంతా దాన్ని నా ఘనతగా చెప్పారు. (చప్పట్లు) చప్పట్లు వద్దు, కాస్త ఆగండి.

"సంచుల్లో పోయాల్నా, డబ్బాల్లో పెట్టాల్నా సార్?" అని రామాంజినమ్మ గారు అడిగినప్పుడు నేను నవ్వాను. "చెనిక్కాయలు పోసే గోనె సంచులు చాలమ్మా. మన సీమలో చెమ్మ యాడుండాది?" అన్నాను. "అవు సార్, మా బిందెల్లోనే లేదు" అని ఆమే అందుకుంది. (నవ్వులు) మీరూ నవ్వుతున్నారు. కరువులో పుట్టినవాళ్ళం కాబట్టి మనకు ఆ మాట నిజమనే తోస్తుంది. ఆ బొగ్గును నేను పరీక్షించిందంతా ఎండాకాలంలోనే. తడి గాలిలో పెట్టి చూడాలన్న ఆలోచనే రాలేదు.

నిన్న రాత్రి వాన పడినప్పుడు లారీకి ఎక్కించాల్సిన సంచులు మా ల్యాబు వరండాలో ఉన్నాయి. పైకప్పు ఉంది, చుక్క కూడా పడలేదు. పొద్దున ఒక సంచిలోంచి కాస్త బొగ్గు తీసి డబ్బాలో వేసి పంపు వేశాను, చివరిసారి చూసుకుందామని. ఒత్తిడి చూపే గేజీ ముల్లు సగంలోనే ఆగిపోయింది. మా అటెండరు ఈరప్ప నూనె కనిపించే గాజులోకి వంగి చూశాడు. "ఇదేంది సార్, నూనె మజ్జిగైపోయిండాది!" అన్నాడు.

రాత్రంతా బొగ్గు గాలిలోని తేమను తాగింది. పంపు లాగేసరికి ఆవిరిగా వదిలింది. ఆ ఆవిరిని పంపు నొక్కితే నీళ్ళై నూనెలో కలిసింది. నీళ్ళు కలిసిన నూనెతో పంపు లాగదు. అనంతపురంలో ఒక్క వానకే ఇట్లా అయితే, సముద్రం ఒడ్డున లక్ష్మీపతి గారి ఫ్యాక్టరీ పంపుల్లో ఏమవుతుంది?

ఇది నాకు పొద్దుననే తెలుసు. "సభ అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దప్పా" అని ఈరప్పతో అన్నాను. "మీ ఇష్టం సార్. సంచులు మాత్రం నన్ను ఎక్కించమనొద్దండి" అన్నాడు. వేరేవాళ్ళను పిలిచి ఎక్కించాను. తర్వాత వచ్చి ఈ కుర్చీలో కూర్చుని శాలువా కప్పించుకున్నాను. ఫోటోకు రామాంజినమ్మ గారు నా పక్కనే నిలబడ్డారు. ఆమె ముఖం వైపు చూడడానికి నాకు మొహం చెల్లలేదు.

"అయితే మాది పనికిరాదా సార్?" అని ఆమె లేచి అడుగుతున్నారు. పనికొస్తుందమ్మా. మళ్ళీ వేడిచేస్తే తేమ పోతుంది. వేడి ఆరకముందే గాలి చొరని డబ్బాల్లో పోసి మూత బిగించాలి.

"ఆ మాట ముందే చెప్పింటే మేము ఇన్ని సంచులు ఎందుకు కుడతాము సార్?"

కుట్టేవారు కాదమ్మా. మీరు అడిగారు. తెలుసుకోకుండా చెప్పింది నేను.

లక్ష్మీపతి గారూ, ఈ సరుకు ఇట్లాగే తీసుకుపోవద్దు. బేరం మానుకుంటే మానుకోండి, కానీ నా తప్పును వీళ్ళ బొగ్గు మీద పెట్టకండి. రేపు ఉంటానంటే తడి బొగ్గూ, వేడిచేసిన బొగ్గూ రెండూ పెట్టి చూపిస్తాను, రిటైరైనవాణ్ణి హేమావతి మేడం ల్యాబులోకి రానిస్తే. (నవ్వులు)

లారీలోంచి సంచులు దించాలి. నేనూ వస్తున్నాను. ఇన్నేళ్ళు నాతో పనిచేసినందుకు, ఈ మాట చివరిదాకా విన్నందుకు మీకు కృతజ్ఞుణ్ణి. ఇక సెలవు.

(సంచులు దించగానే లక్ష్మీపతి గారు రేపటి పరీక్షకు వస్తాననీ రాననీ చెప్పకుండా ఖాళీ లారీలో వెళ్ళిపోయారు. రామాంజినమ్మ, భద్రమ్మ పొద్దుగూకే వేళ గార్లదిన్నె బస్సెక్కారు. వక్త జయచంద్ర గారు ఆ తర్వాతే ఇంటికి వెళ్ళారు.)