ఎవలన్న మిగిలిన్రా

"తాతా, మేం దోస్తులం కలిసి గుహలు చూడ పోతున్నం. నువ్వు సౌదీల పాత బంగారు గనిల ఈ దిక్కు దిగి ఆ దిక్కు తేలుదమని ప్లాన్ ఏసినవట గదా. గా ముచ్చట చెప్పవా?"

ఎవలు చెప్పిన్రే నీకు, నా బిడ్డ, మీ అవ్వనా? దాని నోట్ల నువ్వుగింజ నానది. సరే, కూసో. ఆ దిండు ఇటు జరుపు, నడుము గుంజుతుంది.

నేను, రాజన్న ఇద్దరం గోదారి ఒడ్డు బొగ్గుబాయిల పనిచేసినోళ్లమే. రాజన్న నాకు సర్దారు. సర్దారంటె ఏందనుకున్నవ్, మమ్ముల దింపుడు, పైకప్పు తట్టి సూసుడు, షిఫ్టు అయినంక అందరిని ఎక్కిచ్చుడు. అందరు ఎక్కినంక బాయి మూతి కాడ నిలవడి లోపటి దిక్కు మర్రి "ఎవలన్న మిగిలిన్రా" అని కేకేసేటోడు. మేం "ఎవ్వలు లేరు" అనాలె. గది అన్నంకనే ఇంటి తొవ్వ. ఆకలైనా సరే, ఆన కొట్టినా సరే.

ఒకనాడు కప్పు ఊడి రాజన్న కాలు మీద వడ్డది. మంచం మీద ఎత్తుకొచ్చినం. గదే ఆయినకు బాయిల ఆఖరి రోజు. కాలు నయమైంది గని మళ్ల దిగలె. ఎనుక ముందు ఇద్దరం సౌదీ పోయినం. రెండువేల... ఎన్నోదో. మీ అవ్వ పెండ్లయిన ఏడు. కాదు కాదు, నువ్వు పుట్టిన ఏడు.

ఖమీస్ ముషైత్ పట్నం నుంచి పొద్దందాక పోతె మా క్యాంపు. రోడ్డు పని. గప్పుడు ఒక్క రియాల్ పెడితె సంచెడు కుబ్బూసులొచ్చేటియి, గవే రొట్టెలు. క్యాంపు ఎనుక గుట్టకు పాత బంగారు బాయి మూతి ఉండె. ఎన్నటిదో, ఎవలు తవ్విన్రో. శుక్రారం సుట్టి గదా, రాజన్న, నేను ఆడికి పోయి మైసమ్మను యాదిజేసుకొని, ఎవలు సూడకుంట ఒక ఊదుబత్తి ముట్టిచ్చినం. పొగ మీదికి పోలె. మా మొగాన కొట్టింది. లోపటికెల్లి సల్లటి గాలి అస్తుంది.

"తమ్మీ, దీనికింకో మూతి ఉన్నదిరా" అన్నడు రాజన్న. ఆ మొగం సూడాలె నువ్వు, పెండ్లిపిలగాని లెక్కయింది.

ఖాన్ భాయ్ అని పఠాన్ డ్రైవరుండె, ఆయిన పికప్పుల గుట్ట సుట్టు తిరిగినం. అవుతల మీద ఆ ఇంకో మూతి దొరికింది. ఆడ ఊదుబత్తి పెడితె పొగ లోపటికి గుంజుతుంది. ఇగ సూడు, కింద దిగాలె, మీద తేలాలె. ఇసుకల పుల్లతోని గీసుడే గీసుడు. తాడెంత, నీళ్లెన్ని, మీది మూతి కాడ బండి వెట్టుకొని ఎవలుండాలె. ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు.

"బాయిల నన్ను మోసుకొచ్చిన్రు. కేక గూడ ఎయ్యలె. ఒక్కసారి నా కాళ్ల మీద నేను బయటికి రావాలెరా" అనేటోడు.

ఒక శుక్రారం కింది మూతికెల్లి కొంతదూరం పోయి సూసినం. ఆడ నిట్టనిలువు ఎక్కుడుంది. రాజన్న దాని మొదట్ల కూలవడ్డడు. దమ్ము. బొగ్గుదుమ్ము ఎటు పోతది బిడ్డా, రొమ్ములనే ఉంటది. నాకు గప్పుడే సమజైంది, ఆయినతోని కాదని. ఎట్ల చెప్పాలె? చెప్పలె. ఒక శుక్రారం తాడు పొట్టిగుందన్న. ఇంకో శుక్రారం గాలి మంచిగ లేదన్న. ఓసారి ఖాన్ భాయ్‌కి పనున్నదన్న. ఆయిన "సరే తమ్మీ, వచ్చే వారం" అని మళ్ల గీసెటోడు.

ఇకామా, గదే ఆడ ఉండే కార్డు, మళ్ల చేసేటందుకు రాజన్న రొమ్ము ఫొటో దీసిన్రు. ఊపిరితిత్తులు బాగలేవని ఖురూజ్ కొట్టిన్రు, అంటె ఇగ ఇంటికే.

ఆఖరి శుక్రారం "నడువు" అన్నడు. పికప్పు ఎక్కి ఖాన్ భాయ్‌తోని "ఊపర్ వాలా" అన్నడు, మీది మూతికి పొమ్మని. ఆడ దిగి, నన్ను బయటనే ఉండుమని, ఎలుతురు ఉన్నంత మేర లోపటికి పోయిండు. మర్రి, మెల్లగ నడుసుకుంట బయటికచ్చిండు. వచ్చి నిలవడి, దమ్ము తీసుకొని, లోపటి దిక్కు కేకేసిండు. "ఎవలన్న మిగిలిన్రా."

"ఎవ్వలు లేరన్నా" అన్న. నాకు ఏడుపాగలె.

"నువ్వు సాగదీస్తున్నవని నాకెప్పుడో ఎర్కరా. సాగనీ, అట్లన్న ఇసుకల గీసుకుంట రోజూ దిగుతున్న గద అనుకున్న" అన్నడు, బండెక్కినంక.

మరుసటి ఎండకాలం ఇంటికాడ పాణమిడిసిండు. నేను సౌదీలనే ఉన్న, ఫోన్ల విన్న. మా షిఫ్టోళ్లు గూడ ఒక్కొక్కలు... ఎల్లయ్య నిరుడు పోయిండు. ఇప్పుడు రాజన్న కేకేస్తె ఎవ్వలు లేరని ఎట్లందు? నేనొక్కన్ని మిగిలిన గద.

పోయి రా బిడ్డా, సల్లగుండు. గుహలకెల్లి అందరు బయటికచ్చినంక ఒక్కసారి ఎనుకకు మర్రి అడుగు. నువ్వే అడుగు. ఇగ ఆ దిండు తియ్యి, జరసేపు ఒరుగుత.