అద్దం మీద శ్రీకారం

సింగపూర్‌లోని పాసిర్ రిస్‌లో కార్ల వర్క్‌షాపు బయట, వానలో ఆగిన కారులో ఉపేంద్ర, అతని వదిన కూర్చున్నారు. ఊపిరి ఆవిరికి ముందద్దం మసకబారింది.

"పగులు మీ చూపుకి అడ్డంగా పాకింది వదినా. రిపేరు చేసినా ఆగదు, అద్దమే మార్చాలంటున్నాడు మెకానిక్ అంకుల్."

"మార్చొద్దు. ఆ మూల చూడు."

"శ్రీ... అన్నయ్య రాసిందా?"

"వాన పడితే వేలితో అది రాసిగానీ బండి తీసేవారు కాదుగా. ఆయన పోయి ఏడాదైనా, అద్దం చెమర్చగానే కనబడుతోంది."

ఉపేంద్ర ఆ అక్షరం దగ్గరకి వంగి చూశాడు. నిన్న సబ్బునీళ్లతో అద్దం లోపలంతా తుడిచింది తనే.

"రోజూ పాపని ఇందులోనే స్కూల్లో దింపుతారు. దారి కనబడకపోతే?"

"మార్చేస్తే, మళ్లీ వానొస్తే ఆయన ఎక్కడ రాస్తారయ్యా?"



"కొత్త అద్దం మీద రాస్తాడు వదినా."

ఆమె కారు తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.