కోడలి సంతకం

ఇల్లూ కుట్టుదుకాణమూ ట్రస్టులో పెడదామని వచ్చిన డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఎదుట లాయరమ్మ కలం పట్టుకుని కూర్చుంది.

“రేపు మీకు మతి తప్పితే ఇవన్నీ ఎవరు చూడాలండీ? మీ అబ్బాయేనా?”

“వాడా! నేనేమన్నా గంగిరెద్దులా తలూపుతాడు. కోడలి పేరు రాయి తల్లీ.”

“వాళ్లకి విడాకులై తొమ్మిదేళ్లయిందన్నారు కదా?”

“అయింది. నోటికొచ్చినట్టు తిట్టి నేనే వెళ్లగొట్టాను. మా ఇంట్లో నా ముఖం మీద ‘అత్తయ్యా, ఇది తప్పు’ అన్నది అదొక్కతే. అప్పుడది పొగరనుకున్నాను.”

“ఆవిడ ఒప్పుకోవాలి కదండీ. ఇక్కడికొచ్చి, మీ పక్కన కూర్చుని సంతకం పెట్టాలి.”

“తనే రావాలా?”

“తప్పదండీ.”

“అయితే ఆ ముక్కే నీ ఉత్తరంలో రాసి పంపు తల్లీ. నేను ఊరికే రమ్మంటే రాదు.”