నోట్లో మేకులుండంగా

ఏందిరా మనోజూ, పొద్దున్నుంచి ఫోన్లో తుపాకులు చూస్తాండావ్? ఓ, మేకులు కొట్టేటివా! ఒకటి గాలిది, ఒకటి బ్యాటరీది... ఊఁ, చెప్పు. గాలిది చేతికి తేలికంట, ఎంతసేపు కొట్టినా ఆగదంట. కానీ పైపు ఉండల్ల, దానెనక కంప్రెసరు ఉండల్ల, కరెంటు ఉండల్ల. బ్యాటరీదైతే యాడికైనా చేతబట్టుకొని పోవచ్చు, బరువంట. నన్నడిగితే ఎట్లరా నాయనా, నేను బడిపంతులమ్మని.

అది కాదులే, మా నాయన గుర్తొస్తాండాడు. మీ జేజినాయన సామ్యేలు. నువ్వు చూళ్ళా ఆయన్ని. ఆళ్లగడ్డలో మా ఇంటి ముందర ఆయన వడ్రంగి పని కొట్టం. ఆయనకు తుపాకీ యాడిది? గుప్పెడు మేకులు నోట్లో పోసుకొని, నాలికతో ఒక్కోటి ముందుకు తోసి, తీసి కొట్టేటోడు. మనసు మెత్తనే గానీ, ఏమడిగినా ముందు "వద్దు" అనేటోడు. నీకూ ఆ నోరే వచ్చిందిలే, నవ్వాకు. మా అమ్మ జీవమ్మ ఉపాయం చెప్పింది. "నోట్లో మేకులుండంగా అడగండే, వద్దనల్యాడు" అని. తల అడ్డంగా ఊపితే లేదు, సుత్తి టక్కుమంటే సరే. మా అన్న, అదే మీ నాయన, సైకిలు అట్లనే కొనిపిచ్చుకున్యాడు.

నాకేమో నంద్యాలకొచ్చి టీచరు ట్రైనింగు చదవల్లని. మా ఇండ్లల్లో ఆడపిల్ల చదువుకని ఊరు దాటింది ల్యా అప్పటికి. ప్రార్థన చేసుకొని పోయినా. నోరు నిండుగా ఉందా అని చూసుకొని, గబగబా చెప్పేసినా. సుత్తి ఆగిపాయ. తల ఊపలా. టక్కుమనలా. మేకులన్నీ ఒక్కోటే నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకున్యాడు. అయిపాయ, ఇంక వద్దంటాడు అనుకున్యా. "ఎప్పుడు పోవల్లమ్మా?" అన్యాడు. "గుడ్డలకు పెట్టె చేసిస్తా."

నువ్వు కూర్చున్యావే, ఆ పెట్టెనే.

ఆయన ప్రభువు దగ్గరికి పోయినంక అమ్మ చెప్పింది. "పిచ్చిదానా, ఆ పొద్దు మీ నాయనకు పనే ల్యా. నువ్వు వాకిట్లో తిరుగులాడేది చూసి, పనికిరాని చెక్క ముందరేసుకొని నోట్లో మేకులు పోసుకున్యాడు" అని. నాకు ధైర్యం రావల్లని, పాపం...

అందుకే చెప్తాండా, బ్యాటరీదే తీసుకో. బరువైతే కానీ. ఆ పక్కంగట్లో కంప్రెసరు చూడ్లా, బర్రుమంటానే ఉంటాది. ఆ మోతలో ఎవురన్నా వచ్చి ఏమన్నా అడుగుతారా? నిలబడి నిలబడి పోతారు. నీ బిడ్డ నిన్నట్నుంచి గడపకాడికొచ్చి ఎనక్కి పోతాంది, చూస్తివా? ఏంటికో నాకేం తెలుసు. అడగాల్సింది నిన్ను.

ఆ ఫోను ఇట్లియ్యి. ఊఁ. రా సౌజన్యా, రా తల్లీ, మీ నాయన ఖాళీగానే ఉండాడు. నేను పోయి ఎసట్లో బియ్యం పోస్తా.