పక్క సీటు వెనక

షెడ్డు ముందు టాపు లేని ఎర్ర స్పోర్ట్స్ కారు ఆగి ఉంది. కూతురు ఇంట్లో చెప్పులు వేసుకుంటోంది. మామగారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, సీట్ల వెనక ఆగారు.

"అల్లుడుగారూ, మీ సీటు వెనక ఈ ఇనప కమాను దేనికి?"

"రోల్ బార్ అంటారు మావయ్యగారూ. బండి పల్టీ కొడితే బరువంతా అది మోస్తుంది. తల నేలకి తగలదు."

"మరి పక్క సీటు వెనక ఏదీ?"

"ఉండేదండీ. స్పీకరు పెట్టెకి అడ్డమొస్తోందని పీకించేశాను."

"అంటే మీ తల వెనక ఇనుమూ, నా కూతురి తల వెనక పాటలూనా?"

"అబ్బ, మీరు మరీనండి! నేలకి ఇంత దగ్గరగా ఉండే బండి ఎక్కడైనా పల్టీ కొడుతుందా?"

"కొట్టదా?"

"ఛస్తే కొట్టదు."

"అయితే ఇవాళ అమ్మాయి నడుపుతుంది. మీరు పక్కన కూర్చుని హాయిగా పాటలు వినండి."

"తనా? తనకింకా చెయ్యి తిరగలేదండీ. ఏ మలుపులోనో కొంచెం అటూ ఇటూ అయిందంటే..."

"ఆగిపోయారేం? అయిందంటే ఏమవుతుంది?"

"అది కాదండీ..."

"ఏది కాదయ్యా? పెళ్ళాం కూర్చుంటే ఛస్తే పల్టీ కొట్టని బండి, నువ్వు కూర్చునేసరికి కొడుతుందా? సిగ్గు లేదూ?"

"మెల్లగా మావయ్యగారూ. తను వచ్చేస్తోంది, వింటుంది."

"విననీ. అమ్మా, ఆ చెప్పులు విప్పెయ్. నీ సీట్లో కూర్చోడానికి మీ ఆయనకి భయమేస్తోందిట."