పొరపాట్ల రిజిస్టరులో నా సంతకం

హలో… ఆ, నేనే మామయ్యగారూ. చెప్పండి.

… కాలేజీలోనే ఉన్నాను. వరండాలో, బెంచీ మీద.

… ఫ్రిజ్ తాళమా? దూది కట్టల డబ్బా ఉంది కదా, దాని వెనక… ఇంకొంచెం వెనక్కి. చెయ్యి పెట్టి తడమండి. … ఆ, అదే.

… ఊఁ. ఇంటర్వ్యూ అయింది. సగం అయింది.

… అంటే, సీటు ఇచ్చామనీ అనలేదు, ఇవ్వమనీ అనలేదు. అరగంట బయట కూర్చోమన్నారు.

— లేదు లేదు, బాగానే చెప్పాను. లోపల ముగ్గురున్నారు. మధ్యలో ఉన్న మేడమ్ ఒక మందుల చీటీ ఇచ్చి చదవమన్నారు. నాకంటే ముందు వెళ్లినవాళ్లు తలకిందులు చేసి కూడా చూశారట. నేను గుక్క తిప్పుకోకుండా చదివేశాను. మన డాక్టరుగారి కోడిగీతల ముందు అది అచ్చేసినట్టే ఉంది. … ఆ, వాళ్లూ మీలాగే నవ్వారు.

… లెక్కా చేశాను. పసిపిల్ల బరువుని బట్టి ఎన్ని చుక్కలు వెయ్యాలో. మీరు నేర్పిన పద్ధతే. రాత పరీక్షలోనూ మంచి మార్కులే వచ్చాయన్నారు. మార్కుల జాబితా, మన మందుల దుకాణంలో మూడు వందల గంటలు పనిచేసిన కాగితం, అన్నీ సరిపోయాయి.

… మరి దేనికి ఆగిందంటే…

… లేదు, ఏడవట్లేదు. జలుబు.

మామయ్యగారూ, ఒక మాట అడగనా?

మీరిచ్చిన ఉత్తరంలో ఏం రాశారు?

… అదే, సీల్ వేసి ఇచ్చారు కదా. ఫార్మసిస్టు ఉత్తరం లేకపోతే అప్లికేషనే తీసుకోరని మీరే చెప్పారు కదా.

— అయ్యో, నేను విప్పలేదు. ఒట్టు. మడత పడకుండా రెండు పుస్తకాల మధ్య పెట్టుకుని తెచ్చాను. ఇవాళ వాళ్లే విప్పారు, నా ముందే. మేడమ్ చదివారు. చదివి, అప్లికేషన్‌తో నేను రాసి పంపిన వ్యాసం తీసి పక్కన పెట్టుకున్నారు. 'ఈ రెండిట్లో ఏది నిజం అమ్మా?' అన్నారు.

…

వింటున్నారా?

… టైలర్ తాత సంగతే. ఇంకేముంది.

… నేనేం రాశానో మీకు తెలుసు కదా. మీకే మొదట చూపించాను, అమ్మకన్నా ముందు. తాత బీపీ మాత్రలకి వస్తే ఆయన సంచీలోకి షుగర్ మాత్రలు వెళ్లాయి. డబ్బాలు సర్దుతుంటే నా కంట పడింది. చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాపు దాకా పరిగెత్తి, ఆయన బస్సెక్కబోతుంటే సంచీ పట్టుకుని లాగాను. దొంగపిల్ల అనుకుని కర్రెత్తాడు పాపం. అంతేగా రాసింది. ఆ మాత్రలు ఎవరిచ్చారో రాశానా? 'నా ప్రస్తావన వద్దులే తల్లీ' అన్నారు మీరు. ఆ లైను కొట్టేశాను. 'దుకాణంలో ఒకరు' అని మార్చాను.

మీరేమో ఆ ఒకరు నేనేనని రాశారు.

— కల్పించట్లేదండీ. మేడమ్ పైకి చదివారు. 'ఈ అమ్మాయి ఒకసారి తప్పు మందు ఇచ్చింది. నేను గమనించి ఆపాను. నిలకడ తక్కువ. ఇంకో ఏడాది నా దగ్గర ఉంటే పనికొస్తుంది.' ఒక్క మాట కూడా మర్చిపోలేదు నేను.

… రిజిస్టరా. ఆ, చూపించారు. పొరపాట్ల రిజిస్టరులో ఆ పేజీ జిరాక్సు తీసి మరీ జతచేశారు కదా.

… సంతకం నాదే. కాదన్నానా? కానీ ఆ రోజు నన్ను ఎవరు రాయమన్నారు? 'పొరపాటు జరిగితే ఇందులో ఎక్కించాలి, రూలు. నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వు రాయి' అన్నారు. మీరు చెప్తూ ఉంటే నేను రాశాను. కింద సంతకం అని గడి కనిపిస్తే, రాసినవాళ్లు పెట్టాలి కాబోలనుకుని పెట్టేశాను. మీరు చూశారు. చూసి, పుస్తకం మూసి, పై అరలో పెట్టారు. … నాకు పదహారేళ్లు అప్పుడు. ఆ గడి తప్పు చేసినవాళ్లదని నాకేం తెలుసు? మీకు తెలుసు.

— తెలుసు మామయ్యగారూ. మీకు తెలుసు.

… భయం వేసిందా.

… నా వ్యాసం చూసి ఎవరైనా తనిఖీకి వస్తారని. లైసెన్సు మీదకి వస్తుందని. … మరి ఆ ముక్క నాతో అనొచ్చు కదా! ఇంకోటి రాసుకునేదాన్ని. రెండేళ్లలో రాయడానికి అదొక్కటే ఉందా నాకు? మీరు 'భలే రాశావే' అన్నారు. తల నిమిరారు. నిమిరి, లోపలికెళ్లి ఆ ఉత్తరం రాశారు.

…

… వచ్చే ఏడు మంచిది రాసిస్తారా.

… ఓహో, ఈ ఏడాది మీ దగ్గరే చేస్తే. సాయంత్రాలు కౌంటరు నేను చూసుకుంటాను, మీరు షటిల్ ఆడి రావచ్చు.

— వెటకారం కాదండీ. నాకు వెటకారం ఎక్కడ వచ్చు? ఎవరైనా గట్టిగా అడిగితే మీ వెనక నక్కేదాన్ని. పిల్లిపిల్ల అని పేరు పెట్టింది మీరే.

… వాళ్లకా? వాళ్లకి ఏమీ చెప్పలేదు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది… మీ దుకాణం కళ్లముందు కనిపించింది. అత్తయ్య కనిపించారు. తల వంచుకుని కూర్చున్నాను, తప్పు చేసినదానిలాగే. మేడమ్ చూసి చూసి, 'బయట కూర్చుని ఆలోచించుకో, మళ్లీ పిలుస్తాం. పొరపాటు ఎవరైనా చేస్తారు. అబద్ధం రాసినవాళ్లకి మాత్రం ఇక్కడ సీటు లేదు' అన్నారు.

… మీరొక్కసారి ఫోన్ చేస్తే చాలు మామయ్యగారూ. ఆవిడ నంబరు ఇక్కడ తలుపు మీదే ఉంది. చెప్తాను, రాసుకోండి. తొంభై… ఏం, పెన్ను లేదా?

… నా వ్యాసం నిజమని చెప్పండి. మీరు రాసింది తొందరలో రాశానని చెప్పండి. నా మీద కోపంతో అని చెప్పండి, పర్లేదు. మీ గురించి నేను ఒక్క ముక్క అనను.

…

కుదరదా.

… 'ఒప్పేసుకో, చిన్నపిల్లవని వదిలేస్తారు' అంటున్నారా. అంటే నా వ్యాసం అబద్ధమని నా నోటితో నేనే చెప్పాలా? చెప్పాక, రేపు మందు కొలిచేటప్పుడు నా చేతిని నేనెలా నమ్ముకోను?

— పెద్ద మాటలు కాదండీ. వరసకి ఏమీ కాకపోయినా నోరారా మామయ్యా అని పిలిచాను. ఏ మందు ఏ అరలోదో మీరు ఒక్కసారి చెప్తే మళ్లీ అడిగేదాన్ని కాదు. మీరేదైనా చెప్తే అది అంతే అనుకునేదాన్ని. అందుకే ఆ కవరు ఎత్తి వెలుతురులో కూడా చూడలేదు.

… అమ్మతో మాట్లాడండి. మాట్లాడొద్దని ఎందుకంటాను? ఇంటికెళ్లాక నేనూ మాట్లాడతాను.

… ఉండండి. తలుపు తీశారు.

ఆ మేడమ్… వస్తున్నాను మేడమ్.

మామయ్యగారూ, ఫోన్ పెట్టేయకండి. లైన్లోనే ఉండండి. … ఎందుకో చెప్తాను, ఒక్క నిమిషం ఉండండి.

మేడమ్… ఆలోచించుకున్నాను. నేను రాసిందే నిజం. … సంతకం నాదే మేడమ్, ఎలా పెట్టానో కూడా చెప్తాను. … కాదు, నా మాట మీద నమ్మొద్దు. మా ఫార్మసిస్టుగారు ఫోన్లోనే ఉన్నారు. ఆ రోజు తాత చేతికి మాత్రలు ఇచ్చింది ఎవరో మీరే అడగండి. … ఇదిగో, స్పీకర్లో పెట్టాను.

మామయ్యగారూ, మేడమ్ అడుగుతున్నారు. చెప్పండి.

…

మామయ్యగారూ?

…

పెట్టేశారు మేడమ్.