అందరికీ ఒకటే తాళం

ప్రత్తిపాడులో గౌస్ బాషా నెట్ సెంటర్. శుక్రవారం మధ్యాహ్నం, షట్టర్ సగం దించి ఉంది. లోపల ఇద్దరే: గౌస్ బాషా, ఆరేళ్లు అక్కడ ఆపరేటర్‌గా చేసి రెండు రోజుల కిందట పని పోగొట్టుకున్న జాస్మిన్.

“కూర్చోమన్నా కూర్చోను బాబాయ్. నిలబడే అడుగుతా.”

“ఏం అడుగుతావమ్మా? అయిపోయిందిగా. ఇక నీ దోవ నీది, నా దోవ నాది.”

“ఎక్కడయిపోయింది? అంతమంది ముందు వేలు పెట్టి చూపించి, ‘పాస్‌వర్డులు బయటికిచ్చింది ఇదే’ అన్నారు. నల్లపాడులో జెరాక్స్ షాపాయన పనికి రమ్మన్నవాడు, నిన్న ఫోన్ చేసి వద్దన్నాడు. మా అమ్మ ఈ ఆదివారం చర్చికి రానంటోంది. దొంగ తల్లి అంటారని.”

“నేనేం చేసేది? పాస్‌వర్డు తెలిసింది ఇద్దరికే. నీకూ, నాకూ.”

“ఆ, ఇద్దరికే. అందుకే వచ్చా.”

“అంటే? నేను దొంగనా?”

“నేనట్టా అన్లేదు. అడిగిందానికి చెప్పండి. రాధాకృష్ణమూర్తి మాస్టారి మెయిల్లోంచి వాళ్ల వియ్యపురాలికి బరువు తగ్గే మందుల మెయిల్ పోయింది. ఎప్పుడు?”

“నాకేం తెలుసు! ఆవిడసలే పెళ్లి భోజనాలప్పటి నుంచి మాస్టారి మీద కోపంగా ఉందంట. ఇప్పుడిదొకటి. ఆయనొచ్చి నా మీద ఎగిరాడు.”

“మంగళవారం, పన్నెండింటికి. వాళ్లింటికెళ్లి చూశా. ఎప్పుడు తెరిచారో, ఎక్కడి నుంచి తెరిచారో అందులోనే పడుతుంది. వేరే దేశం. ఏసోబన్నదీ పన్నెండున్నరలోపే. కరుణాకర్‌దీ అంతే. పదకొండు ఇళ్లు తిరిగా బాబాయ్. మొహం మీద తలుపేసినా తిరిగా.”

“తిరిగితే?”

“అందరూ మన దగ్గర మెయిల్ చేయించుకున్నవాళ్లే. అందరికీ మనం పెట్టింది ఒకటే పాస్‌వర్డు. షాపు పేరు, వెనక 786.”

“మంచికేగా పెట్టింది! మిరపకాయలు కోసిన చేతుల్తో తుమ్ముకుంటా వస్తారు. పాస్‌వర్డు ఏదయ్యా అంటే, నీకే తెలియాలి బాషా అంటారు. తలా ఒకటి పెడితే ఎవడు గుర్తుపెట్టుకుంటాడు? పంట నష్టం ఫారాలకి ఆఖరి రోజున నేను చావాలా?”

“మంచికే. నేనూ పెట్టాగా. కానీ సుబ్బలక్ష్మి టీచరు గారు తనది మార్చుకున్నారు. ఆవిడ మెయిల్‌కి ఏం కాలేదు.”

“అయితే? పాస్‌వర్డు తెలిసినోళ్లే చేశారనేగా!”

“పాస్‌వర్డొక్కటే చాలదు. మెయిల్ పేర్లూ కావాలి. మూడొందల మందివి నాకు నోటికొస్తాయా? అవన్నీ ఉన్నది ఒక్కచోటే. మీ మెయిల్లో. ఫారాలన్నీ దాంట్లోంచేగా పంపేది.”

“నా మెయిల్ బానే ఉంది.”

“చూపించండి.”

“ఎందుకూ?”

“చూపించండి బాబాయ్.”

“కరెంటు లేదు.”

“ఫ్యాను తిరుగుతోంది.”

“నెట్టు స్లోగా ఉందిలే. రేపు రా.”

“దాని పాస్‌వర్డు మార్చమని దసరా ముందే చెప్పా. మార్చారా?”

“మార్చా.”

“నిజంగా మార్చారా?”

“మారుద్దామనుకున్నా.”

“అంటే అదే. 786.”

“నాకు మాత్రం వేరేది గుర్తుండొద్దూ!”

“మంగళవారం పొద్దున నేను మా అమ్మని గుంటూరు కంటాస్పత్రికి తీసుకెళ్లా. షాపులో మీరొక్కరే. అప్పుడు మీకో మెయిల్ వచ్చిందా? ‘మీ మెయిల్ బాక్స్ నిండిపోయింది, ఇక మెయిళ్లు రావు, ఇక్కడ నొక్కండి’ అని?”

“నీకెట్టా తెలుసు?”

“నాకూ వచ్చింది. బస్సులో చూసి తీసేశా. మీరు నొక్కారా?”

“జనం కౌంటర్ మీద పడి ఉన్నారు. పిల్లల హాల్ టికెట్లు వచ్చే రోజు. మెయిళ్లు రావంటే కంగారుండదా? అచ్చం మన మెయిల్ పేజీయే జాస్మినూ. అదే రంగు, అదే గుర్తు.”

“పాస్‌వర్డు కొట్టారా?”

“రెండుసార్లు కొట్టా. మొదటిసారి తప్పంది.”

“అయ్యో బాబాయ్!”

“నాకేం తెలుసు, దొంగ పేజీ అని?”

“అంతే. అక్కడే పోయింది. వాళ్లు మీ మెయిల్లోకొచ్చి ఊరోళ్ల పేర్లన్నీ తీసుకున్నారు. అదే పాస్‌వర్డు ఒక్కొక్కదానికీ కొట్టి చూశారు. మార్చనివన్నీ తెరుచుకున్నాయి. అమ్మయ్య! రెండు రోజుల్నించి నిద్ర లేదు నాకు. నేనే ఎక్కడన్నా నోరు జారానేమోనని నన్ను నేనే అనుమానించుకున్నా.”

“కూర్చో. కాసిని మంచినీళ్లు తాగు.”

“ఏడుపొస్తోంది బాబాయ్, ఏమనుకోకండి. సరే, పోనీండి. చదువుకున్న ఆఫీసర్లే మోసపోతున్నారు, మీరెంత? షట్టర్ ఎత్తండి. ముందు మీది మారుద్దాం, తర్వాత ఒక్కొక్కళ్లనీ పిలిచి వాళ్లవి మారుద్దాం. నన్నన్న మాటంటారా, తెలీక అన్నారు. తెలిసింది కాబట్టి మీరే అందరికీ చెప్తారు. ఆ మాత్రం నమ్మకం ఉంది నాకు.”

“వద్దు. అట్టా అనకు.”

“ఏం?”

“తెలీక అన్లేదు.”

“ఏంటీ?”

“మంగళవారం సాయంత్రమే మా షానవాజ్ చూసి చెప్పాడు, నాన్నా, దొంగలకి నువ్వే ఇచ్చావని. తెల్లారి షాపు తెరిచేసరికి మాస్టారూ, ఏసోబూ అందరూ మీదకొచ్చారు. ఎవరు చేశారు, ఎవరు చేశారని. నువ్వప్పుడే లోపలికొస్తున్నావు. నిన్ను చూపించేటప్పటికి నాకంతా తెలుసమ్మా.”